నారవ్వ పేనిన తాడు

గడ్డి బీడులో ఒంటరిగా నిలబడ్డ లావు మాను అది. దాని ఆకు కూరకని, కాయ గుజ్జు జ్వరానికని అందరూ కోసుకెళతారు. నారవ్వకి మాత్రం బెరడు కావాలి. ఒక పక్కనే ఒలిచి, గాయానికి మట్టి మెత్తి, "కోపం తెచ్చుకోకే" అని చెట్టుకి చెప్పి వస్తుంది. నార రోజుల తరబడి నానబెట్టి, గుమ్మంలో కాళ్లు చాపుకుని, తొడ మీద రుద్ది తాడు పేనుతుంది. ఆ తొడ కాయలు కాచి చెప్పు అట్టలా తయారైంది. ఉయ్యాల తాడుకి పురి ముందుకి తోస్తుంది, పాడె తాడుకి వెనక్కి లాగుతుంది. పాడె తాడు కోసం ఎవరైనా వచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే, "రెండూ మోసే తాళ్లే, ముక్కు చీదడం ఆపి పక్కకి జరుగు" అని కసురుతుంది.

కూతురికి నెలలు నిండాయని ఉయ్యాల తాడు ముందే పేని దూలానికి కట్టింది. కాన్పులో బిడ్డ దక్కింది, కూతురు దక్కలేదు. ఇంట్లో నానిన నార పోచ కూడా లేదు. నారవ్వ స్టూలెక్కి దూలానికున్న తాడు విప్పింది. పురి అంతా ఊడదీసి, మళ్లీ తొడ మీద వేసి వెనక్కి లాగడం మొదలుపెట్టింది. పసిదాన్ని చేతుల్లో పట్టుకుని అల్లుడు వెక్కుతూ నిలబడ్డాడు. ఆ రోజు ఆమె ఎవరినీ కసరలేదు.

"మరి దీన్నెక్కడ పడుకోబెట్టను, అత్తయ్యా?" అన్నాడు.

నారవ్వ తల ఎత్తలేదు. "కాస్త ఆగు నాయనా. ఈ తాడు అయిపోతే తొడ ఖాళీ అవుతుంది."