తువ్వాలల కింద రాజమహలు

మా చిన్నబాపు పోయాడని నస్పూర్ నుంచి వచ్చిన మనిషి చెప్పినప్పుడు నేను బళ్లో పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాను. "మంచంల పడలే అమ్మా. పొద్దుగాల పరదా ఏస్తున్న నిచ్చెన దిగి ఛాయ్ తెమ్మన్నడు. తెచ్చేటాల్లకు పానం పోయింది" అన్నాడతను. పిల్లలు ఎక్కం ఆపి నా మొహం చూస్తున్నారు. బడి విడిచిపెట్టి, మా అవ్వకు, అంటే అమ్మకు, చెప్పడానికి ఇంటికి నడిచాను.

ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. మగ్గం నేసేవాడు, నాటకాల పరదాలకు బొమ్మలు వేసేవాడు. పలకరించడానికి వచ్చిన చుట్టాలంతా ఒకటే పాట పాడారు: "మంచోడే గని, గా రంగుల పిచ్చి లేకుంటే ఇల్లు కట్టెటోడు." వాళ్లకు నా జవాబు బాకీ ఉంది. ఇప్పుడు చెప్తాను.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు మా బాపు జ్వరంతో పోయాడు. అప్పటికి చిన్నబాపు నిజామాబాదులో ఒక ముసలి మేస్త్రీ దగ్గర పరదాల పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి తిరుగుతున్న వేళ. కబురందగానే వచ్చి, బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నాయనమ్మ, అవ్వ, నేను, చెల్లె, నలుగురం ఆయన మీద పడ్డాం. రంగుల మూట అటకెక్కించమంది నాయనమ్మ, కష్టాలు తీరాక చూసుకోవచ్చని.

"తీరినంక చేద్దామంటే గవి తీరయే అవ్వా. తీరకుంటనే చెయ్యాలె" అన్నాడు తల్లితో. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో.

తెల్లారగానే మగ్గం ఎక్కేవాడు. ఆ రోజుకు అనుకున్నంత నేసేదాకా రంగుల చిప్ప ముట్టేవాడు కాదు. ముట్టుకున్నాక మాత్రం ఊరు మునిగినా లేచేవాడు కాదు. ఎవరైనా పని మీద వస్తే, గోడ మీద బొగ్గుతో గీస్తున్న బొమ్మను చూపించి, "జర ఆగు, రాజుగారు గుర్రం ఎక్కుతుండు" అనేవాడు. వచ్చినవాళ్లు తిట్టుకుంటూ అరుగు మీద కూర్చునేవాళ్లు.

ధర్మపురి జాతరలో ఆడే నాటకం వాళ్లు మొదటి పరదా వేయమన్నారు. బట్ట కూడా తానే నేశాడు. చీరంత వెడల్పున్న పన్నాలు నాలుగు కలిపి అవ్వ కుట్టింది. దాని మీద రాజమహలు లేచింది. జాతరనాడు మధ్యాహ్నం, వేషాలు వేసుకుని అందరూ చూస్తుండగా, చుట్టిన పరదాను పైనుంచి వదిలారు. మహలు స్తంభాలు పెళ్లలు పెళ్లలుగా ఊడి రాజు వేషగాడి కిరీటం మీద రాలాయి.

తప్పెక్కడ జరిగిందో ఆయనకు వెంటనే తెలిసింది. మగ్గం మీద పోగులు తెగకుండా మేం పడుగుకు జొన్న గంజి దట్టంగా పట్టిస్తాం. చేతికి అలవాటైన పని. పరదా బట్టకూ అట్లాగే పట్టించాడు. బిర్రుగా నిలబడ్డ గంజి, బట్ట చుట్టగానే పగిలింది, దానితోపాటే రంగు లేచింది. నేతగాడు తప్ప ఇంకొకడు చేయలేని తప్పు. జాతరకొచ్చిన మా వాడ వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ నవ్వు మాకు నూలిచ్చే సేటు దాకా పోయింది. కబురు పెట్టాడు. చిన్నబాపు వెంట అవ్వ, నేను కూడా పోయాం.

"గా రంగులు ఇడిచిపెడితే నూలిస్త. లేకుంటే నీ తొవ్వ నీది" అన్నాడు సేటు.

"నీ నూలుకు నా పని ఇస్తున్న సేటూ. పని అయినంక నా చేతులు నావి."

"ఇంట్ల గిందరున్నరు. ఏం పెడ్తవ్?"

"గది నా ఫికర్. నీకెందుకు?"

నూలు లేకుండా తిరిగొచ్చాం. ఇంటికొచ్చాక అవ్వ, "పిల్లలను చూసన్న జర తగ్గొద్దా?" అని బోరుమంది.

"నేను తగ్గితే వాళ్లు గదే నేర్చుకుంటరు వదినె. కడుపులు నింపే పని నా మీద ఉంచు. రంగులు ఇడువుమని మాత్రం అనకు" అన్నాడు. అవ్వ మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఇంట్లో మిగిలిన ముతక నూలుతో తువ్వాలలు నేశాడు. పగిలిన పరదాను గోదావరికి మోసుకుపోయి బండ మీద ఉతికాడు. మహలంతా నీళ్లలో కలిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఈల వేస్తున్నాడు. ఈసారి గంజి జోలికి పోకుండా పలుచగా తుమ్మజిగురు పూసి, అదే బట్ట మీద మళ్లీ మహలు వేశాడు. దాన్ని మంచిర్యాల అంగడికి తీసుకుపోయి, నేల మీద పరిచి, పైన తువ్వాలలు పేర్చుకుని కూర్చున్నాడు.

బొగ్గుబాయి, అంటే బొగ్గు గని, పనివాళ్లు మహలు చూడటానికి ఆగి తువ్వాల కొనుక్కుని పోయేవాళ్లు. వాళ్లలో నాటకాలాడే ఒకాయన తువ్వాలలన్నీ పక్కకు జరిపి, "గిది అమ్ముతవా?" అని అడిగాడు. ఆ రోజు చిన్నబాపు పరదా కూడా అమ్మేసి చేతులూపుకుంటూ ఇంటికొచ్చాడు. ఇంకో పరదాకు మాట తీసుకునే వచ్చాడు.

ఆనాటి నుంచి మగ్గమూ విడవలేదు, పరదాలూ విడవలేదు. ఆయన్ని దేవుణ్ణి చేయను. జొన్న గట్కతో సరిపెట్టుకున్న రోజులున్నాయి. వానకు ఇల్లు కారేది. పెళ్లి మాటెత్తితే, "రంగులేసెటోనికి పిల్లనెవడిస్తడు?" అని నవ్వి తప్పించుకునేవాడు, నాకది నచ్చేది కాదు. కానీ చుట్టాలారా, ఆడపిల్లలకు చదువెందుకని మీరు అడ్డం పడ్డప్పుడు మా ఇద్దరి చేతులు పట్టుకుని బడికి తీసుకుపోయింది ఆయనే. ఇల్లు కట్టలేదు, నిజమే. కట్టకపోతే ఏం? ఆకలితో మమ్మల్ని పడుకోబెట్టలేదు, తన చేతుల్ని చంపుకోలేదు. మీలో ఎంతమంది ఈ రెండూ చేశారు?

దినాలయ్యాక ఆయన సామాను తెచ్చుకుందామని నేను, అవ్వ నస్పూర్ పోయాం. బాయి పనివాళ్ల మైదానంలో రెండు గుంజల నడుమ ఆఖరి పరదా కట్టి ఉంది. గోదావరి వేశాడు. ఇవతలి ఒడ్డు, నీళ్లు అయ్యాయి. అవతలి ఒడ్డంతా తెల్లబట్టే.

"మిగిలింది ఎవరితోనన్న ఏపిద్దమా?" అని అడిగాడు నాటకం పెద్దమనిషి.

"వద్దు. గిట్లనే ఆడుండ్రి" అంది అవ్వ.

నేసిన బట్ట మీద నేతగాడి పేరు ఉండదు. పరదా కింది మూలన మాత్రం వేసినవాడి పేరు ఉంటుంది. పని పూర్తయ్యాకే ఆయన తన పేరు రాసుకునేవాడు. ఇక్కడ ఆ మూల ఖాళీగా ఉంది. అవ్వ నా వైపు చూసి, "రాయి బిడ్డా" అంది. చిప్పలో ఎండిపోయిన ఎర్రటి జాజు రంగును నీళ్లతో కలిపి, నేల మీద కూర్చుని ఆయన పేరు రాశాను. కింద "మగ్గం పని, పరదాల పని" అని రెండూ రాశాను. నీళ్లెక్కువై చివరి అక్షరం కొంచెం కారింది.

పొద్దున షిఫ్టు దిగినవాళ్లు అటుగా వచ్చి ఆగారు. మసి అంటకుండా చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కరే వంగి, ఇంకా తడి ఆరని ఆ పేరును పైకి చదువుతున్నారు.