నికానోర్ పతనాలు

నికానోర్ పడిపోయేవాడు. అతన్ని గురించి ఎవరు ఏం చెప్పాలన్నా అక్కడినుంచే మొదలుపెట్టాలి. స్పెయిన్ ఉత్తరాన ఆస్తూరియాస్ గనుల లోయలో బంతిని కాలికి అంటించుకుని ఎడమ అంచున అంత వేగంగా పరిగెత్తిన వింగర్ అంతకు ముందు పుట్టలేదు. అంత వేగంగా కూలబడినవాడూ పుట్టలేదు. ఎదుటివాడు కాలు అడ్డం పెట్టనక్కర్లేదు, తుమ్మితే చాలు.

పడటంలో అతనికో పద్ధతుంది. ముందు రెండు చేతులూ ఆకాశంలోకి లేచేవి. తర్వాత ఒక కేక. ఆపైన తీరిగ్గా నాలుగు పొర్లు పొర్లి, కాలు పట్టుకుని మూలిగేవాడు. ఏ కాలన్నది మాత్రం అతనికే గుర్తుండేది కాదు.

"తగిలింది కుడికాలికైతే ఎడమకాలు పట్టుకున్నావేమయ్యా?" అని ఓసారి రిఫరీ నిలదీశాడు.

"నొప్పి పాకింది సార్," అన్నాడు నికానోర్, కళ్ళు తెరవకుండానే.

వాళ్ళమ్మ బెనిగ్నా చేపల అంగడిలో తల పట్టుకునేది. "నడక నేర్చుకునేటప్పుడు కూడా వీడు ఇన్నిసార్లు పడలేదమ్మా!" పక్క ఊరి జనం ఇతను వస్తున్నాడంటే ఇళ్ళలోంచి దిండ్లు తెచ్చుకునేవాళ్ళు. పడగానే మైదానంలోకి విసిరేవాళ్ళు. ఒకసారి మంచి ఈకల దిండొకటి పక్కనే వచ్చి పడితే, నికానోర్ దాన్ని తలకింద సర్దుకుని, విసిరినావిడకి చెయ్యూపి కృతజ్ఞత చెప్పాడు. ఆ ఊళ్ళో బ్యాండు మేళంవాళ్ళు జోలపాట అందుకున్నారు.

ఈ భాగోతాన్ని అందరికంటే దగ్గర్నుంచి భరించినవాడు అవెలీనో. నికానోర్ వెనకే, ఎడమవైపు కాపలా కాసే డిఫెండర్ అతను. నికానోర్ పడిన ప్రతిసారీ నడుమ్మీద చేతులు పెట్టుకుని, అందరికీ వినబడేట్టు తిట్టేవాడు.

"లేవరా! సిగ్గులేదూ? నీ వెనక నిలబడటానికి నాకు తలవంపులుగా ఉందిరా!"

"తిట్టు, తిట్టు. వింటున్నాలే," అనేవాడు నికానోర్ గడ్డిలోంచి.

కొన్నాళ్ళకి దక్షిణాన, కాదిజ్ వైపు సముద్రం ఒడ్డునున్న ఒక క్లబ్ నికానోర్‌ని రమ్మంది. అవెలీనోని కూడా తీసుకుంటేనే వస్తానన్నాడు.

క్లబ్ అధ్యక్షుడికి అర్థం కాలేదు. "అతనెందుకయ్యా?"

"నేను పడితే తిట్టడానికి అలవాటైన గొంతు కావాలండీ. కొత్తగొంతు నాకు పడదు."

అలా ఇద్దరూ వర్షాల సీమ వదిలి ఎండల సీమకి చేరారు. వాతావరణం మారింది కానీ నికానోర్ మారలేదు.

అవెలీనోకి ఒక గుట్టు ఉంది. కుర్రతనమంతా బొగ్గుగనిలో గడిపి, ఫుట్‌బాల్ పుణ్యమా అని వెలుగులోకి వచ్చిన మనిషి. బొగ్గు మాత్రం అతని ఛాతీని వదల్లేదు. ఆగకుండా పరిగెడితే ఊపిరి అందేది కాదు. ఈ సంగతి క్లబ్‌కి తెలిస్తే మర్నాడే మూట సర్దుకోవాలి. మళ్ళీ గనే గతి. గనిలోకి దిగితే ఈసారి మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. అందుకే ఆ డాక్టరుకీ, భార్య ఒబ్దూలియాకీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఊపిరాడనప్పుడు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నట్టు వంగేవాడు. ఆ జట్టులో అతని బూట్ల తాళ్ళు ఊడినన్నిసార్లు ఇంకెవరివీ ఊడేవి కావు.

ఒక ఆదివారం మాద్రిద్‌లోని పెద్ద క్లబ్ నుంచి ఒకాయన నికానోర్‌ని చూడటానికి వచ్చాడు. టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"ఈ ఒక్కపూటా నిలబడరా," అని బతిమాలాడు అవెలీనో. "నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకుంటే పడతాను. వదిలెయ్, నిలబడతా."

మొదటి సగం నిజంగానే నిలబడ్డాడు. అతని పరుగు చూసి మాద్రిద్ పెద్దమనిషి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో సగంలో ఎదుటి జట్టు దాడంతా అవెలీనో వైపుకే తిప్పింది. నిప్పులు కురిసే ఎండ. అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి అవెలీనో కళ్ళు బైర్లు కమ్మాయి. తాళ్ళు కట్టుకోవడానికి వంగినవాడు లేవలేకపోయాడు. అదే సమయంలో బంతి నికానోర్‌కి దొరికింది. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. అందరూ లేచి నిలబడ్డారు.

నికానోర్ పడిపోయాడు.

స్టాండులన్నీ గొల్లుమన్నాయి. రిఫరీ పసుపు కార్డు చూపించాడు. నికానోర్ లేచాడు, కాసేపటికే మళ్ళీ పడ్డాడు. మాద్రిద్ పెద్దమనిషి టోపీ పెట్టుకుని రైలుకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వేయించిన చేపల పళ్ళెం ముందు అవెలీనో నిప్పులు చెరిగాడు. "నీ దగ్గర్లో పురుగైనా లేదు కదరా! ఏం తగిలి పడ్డావు?"

"తూర్పుగాలి. ఇక్కడ చాలా గట్టిగా కొడుతుంది."

"నీ బతుకు నువ్వే తగలబెట్టుకున్నావు!"

"చేప చల్లారిపోతోంది, తిను."

అవెలీనో తినకుండానే లేచి వెళ్ళిపోయాడు. చాలా రోజులు మాట్లాడలేదు.

మరుసటేడు ఒబ్దూలియా మేనమామ ముసలితనంలో మైదానం ఎదురుగా ఉన్న తన బారుని వీళ్ళకి అప్పగించాడు. గని భయం తీరింది. అవెలీనో పరువుగా ఆట మానేసి, మొట్టమొదటిసారి భార్య పక్కన స్టాండులో కూర్చుని మ్యాచ్ చూశాడు. పడగానే తిడదామని గొంతు సవరించుకున్నాడు కూడా.

నికానోర్ పడలేదు. ఎద్దులాంటి డిఫెండర్ ఒకడు పిక్కమీద తన్నాడు. నికానోర్ తూలాడు, కుంటుతూనే నిలబడ్డాడు. టిక్కెట్టు కొన్న జనానికి ఒళ్ళు మండింది. "పడరా నికానోర్! దేనికొచ్చాం మేము?" అని అరిచారు. ఆ వారం పడలేదు, పై వారమూ పడలేదు.

ఒబ్దూలియా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ నవ్వింది. "చూశావా? వెనక నువ్వు లేకపోతే వీడికి పడటమే చేతకావట్లేదు."

ఆవిడ వేళాకోళానికే అంది. అవెలీనో మాత్రం నవ్వలేదు. తను వంగిన ప్రతిసారీ, ఇక అయిపోయిందనుకున్న ప్రతిసారీ, ఆట ఎందుకు ఆగిందో అప్పటికి తెలిసింది.

మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర నికానోర్‌ని పట్టుకున్నాడు.

"ఎందుకు పడట్లేదురా?"

"వయసొచ్చింది. పడటం తేలికే, లేవడమే కష్టంగా ఉంది."

"అబద్ధాలాడకు. నీకెలా తెలుసు?"

నికానోర్ వంగి బూట్ల తాళ్ళు సవరించుకున్నాడు. "రిఫరీ ఈల కంటే ముందు నీ ఛాతీలో ఈల వినబడేదిరా. వెనక అంత మోతగా ఉంటే ఎవడాడతాడు?"

"మరి మాద్రిద్?"

"అక్కడ గడ్డి గట్టిగా ఉంటుందట. నా ఒంటికి సరిపడదు."

అవెలీనో నడివీధిలో అతన్ని రెండు చేతులా వాటేసుకుని ఎంతకీ వదల్లేదు. నికానోర్ గింజుకున్నాడు.

"వదలరా బాబూ, జనం చూస్తున్నారు. ఈసారి నిజంగానే పడిపోయేలా ఉన్నాను!"