వడ్రంగి ఇంట్లో మొద్దుబారిన కత్తి

మా నాన్న వడ్రంగి. పొద్దున్నే ఉలికి పదును పెట్టందే పని మొదలుపెట్టడు. సానరాయి మీద నాలుగు చుక్కల నూనె వేసి, ఉలిని అటూ ఇటూ రుద్ది, ముంజేతి వెంట్రుకలు గీసి చూసుకుంటాడు. తెగకపోతే మళ్ళీ రాయి దగ్గరికే. "పదును లేని ఉలి పట్టుకునేవాణ్ని నా కొట్లోకి రానివ్వను" అని ఎవరొచ్చినా చెబుతాడు.

ఆ కొట్టుకీ మా వంటగదికీ మధ్య ఒక్కటే గోడ. గోడకు ఇవతల మా అమ్మ ముప్పై ఏళ్ళు మొద్దుబారిన కత్తితో కూరలు తరిగింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అత్తగారికీ, ఇద్దరు మరుదులకీ, కొట్లో పనివాళ్ళకీ, తర్వాత మాకూ రెండు పూటలా వండింది ఆ కత్తితోనే. దాని కొస విరిగిపోయింది. పిడి వదులైతే తీగ చుట్టింది. టమాటా మీద పెడితే తెగదు, చితుకుతుంది. కింద పెట్టుకోవడానికి ఒక చెక్కముక్క కూడా లేదు, వడ్రంగి ఇంట్లో! పళ్ళెం బోర్లించి దాని మీద తరిగేది. ఉన్న కాస్త పదునూ ఆ పళ్ళేనికే పోయేది. ఇక గిన్నెల సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెద్ద గిన్నె అడుగు ఉబ్బిపోయి పొయ్యి మీద నిలిచేది కాదు. ఒక చేత్తో మసిగుడ్డతో దాన్ని పట్టుకుని రెండో చేత్తో కలిపేది.

అడగలేదా అంటే, అడిగింది. నా చెవులతో విన్నాను. కొట్టు గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఈ కత్తి కాస్త నూరి పెట్టండి. ఒక చెక్కముక్క నునుపు చేసి ఇవ్వండి" అనేది. "చూద్దాంలే" అనేవాడు నాన్న, తలెత్తకుండా. ఓసారి అలా అన్న వారమే ఒక హోటలు వాళ్ళకి కూరగాయలు కోసుకునే చెక్కలు ఇరవై చేసి పంపాడు. అంచులు గుండ్రంగా తీసి, నూనె పట్టించి మరీ పంపాడు. అమ్మ వాటిని బండిలోకి ఎక్కించింది, నోరు మెదపలేదు. అందుకు నాకు అమ్మ మీద కూడా కోపమే.

ఈమధ్య ఓ రోజు గుమ్మడికాయ తరుగుతుంటే కత్తి దిగలేదు. బలమంతా పెట్టి అదిమింది. పళ్ళెం జారింది, పిడి మీదున్న కుడిచెయ్యి కూడా జారి కత్తి అంచు మీద పడింది. గుమ్మడికాయ తెగలేదు గానీ చూపుడు వేలు తెగింది. "వేలు వంచే నరం తెగిందమ్మా, అతికించాను. వంగుతుందో లేదో ఆరు వారాలు ఆగితే గానీ చెప్పలేను" అన్నాడు డాక్టరు.

నేను పక్క వీధిలోనే ఉంటాను, వచ్చి వండిపెడతానన్నాను. అమ్మ వద్దంది. "నీ ఉద్యోగం నీకుంది. ఆయన చూసుకుంటార్లే" అంది. అలా మా నాన్న జీవితంలో మొదటిసారి వంటకు దిగాడు.

ఉల్లిపాయ తరగబోయి పావుగంటలో బయటికి వచ్చాడు. "ఇదేం కత్తే! దీంతో మనిషన్నవాడు ఎలా తరుగుతాడు?" అని నా మీద ఎగిరాడు. సాయంత్రానికల్లా కొత్త కత్తి, అడుగు మందంగా ఉన్న గిన్నె, మూతున్న కళాయి, పట్టకారు, కొలత గ్లాసులు, చిన్న తూకం మిషను ఇంటికి వచ్చేశాయి. కొట్లోంచి గట్టి చెక్క తెచ్చి, కోసుకోవడానికి వీలుగా నునుపు చేసుకున్నాడు. అది జారకుండా కింద తడిగుడ్డ పరిచాడు. ముప్పై ఏళ్ళు "చూద్దాంలే" అన్న పని ఒక్క పూటలో అయిపోయింది!

అంతటితో ఊరుకున్నాడా? అమ్మను చూడవచ్చిన వాళ్ళందరికీ పాఠం మొదలుపెట్టాడు. "కొత్తగా వంట నేర్చుకునేవాడికి పది గిన్నెలెందుకండీ? మంచి కత్తి, కదలని చెక్క, బరువైన గిన్నె. ఈ మూడూ ఉంటే వంటెంతసేపు!" వాళ్ళు ముక్కున వేలేసుకుని, "ఎంత ఓపికండీ మీకు" అనేవాళ్ళు. పిండి తూచి రొట్టె కూడా కాల్చాడు. బాగానే పొంగింది. "కొలతా పాడూ లేకుండా ఇన్నాళ్ళూ ఎలా వండావే?" అని అమ్మనే అడిగాడు. అమ్మ కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ రొట్టె తింది. నేను నా ముక్క పళ్ళెంలోనే వదిలేశాను.

ఆరు వారాలకు కట్టు విప్పారు. పిడికిలి బిగించమన్నాడు డాక్టరు. మిగతా వేళ్ళన్నీ ముడుచుకున్నాయి, చూపుడు వేలు మాత్రం నిటారుగా ఉండిపోయింది. "ఇంక ఇంతేనమ్మా" అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ.

ఇంటికి రాగానే నాన్న కొత్త కత్తి నూరి తెచ్చాడు. చెక్క మీద టమాటా పెట్టి, "చూడు, వెన్నలా దిగుతుంది. ఇక నీకే కష్టమూ లేదు" అన్నాడు. అమ్మ కత్తి అందుకుంది. వేలు వంగక పట్టు చిక్కలేదు. కత్తి చేతిలో తిరిగిపోయి చెక్క మీద పడింది.

నాన్న దాన్ని తీసి పక్కన పెట్టాడు. "ఇంత ఇబ్బందిగా ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే ఎప్పుడో తెచ్చిపెట్టేవాణ్ని కదే" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే అమ్మ ఆపింది. ఆయన వంక సూటిగా చూసింది.

"ఎన్నిసార్లు అడిగానో నాకే లెక్క లేదు. మీరు ఉలి నూరుకుంటుంటే పక్కన నిలబడి అడిగాను" అంది, గొంతు పెంచకుండా. "సామాను మీ చేతికి బాగా కుదిరింది. ఇక మీరే వండండి."

ఆ రోజు నుంచి మా నాన్నే వండుతున్నాడు. అమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంది. నిజం చెప్పాలంటే ఆయన వంట బాగుంటుంది. ఆ మాట నేనింతవరకు ఆయనతో అనలేదు, అనను.