విరిగిన గొట్టం

మాచర్ల నుంచి కృష్ణ దాటితే నైజాం. మాట ఒకటే అయినా రాజ్యం వేరు. అక్కడి బళ్ళలో అంతా ఉర్దూ. తెలుగులోనే చదువుతానని పంతం పట్టి శివరామయ్య పుట్టెక్కి ఏరు దాటి వచ్చాడు. వారానికి ఏడిళ్ళలో వారాలు కుదుర్చుకుని, ఇంటికొక రోజు తింటూ స్కూలు ఫైనలు దాకా లాక్కొచ్చాడు. అన్నం పెట్టిన ఊరికి ఏదో ఒకటి చెయ్యాలని, పరీక్షలు నెలలో ఉన్నాయనగా, కరణం వెంకటప్పయ్య గారి చలివేంద్రంలో సాయంత్రాలు నీళ్ళు పోస్తానన్నాడు. అది 1945 వేసవి.

కుండల పక్కన బారెడు వెదురు గొట్టం ఉంది. నీళ్ళు ఒలికిపోకుండా కాబోలనుకున్నాడు మహానుభావుడు. మొదటిరోజే కరణంగారి బావమరిది పుల్లారావు దోసిలి పడితే గొట్టంలోంచే ధార కట్టాడు.

పుల్లారావు చేతులు విదిలించి గంతేశాడు. "ఒరేయ్ నైజామోడా, నేనెవర్ననుకున్నావురా? నాకు గొట్టంతో పోస్తావా!"

"మరి ఇది ఎవరికండీ?"

పుల్లారావు గడ్డంతో చూపించాడు. అల్లంత దూరాన, ఎండలో, గూడెం హన్నమ్మ గడ్డిమోపు దించుకుని నిలబడి ఉంది.

శివరామయ్యకు ఒళ్ళు మండింది. వాళ్ళ ఊళ్ళో అంటు లేదని కాదు, ఉంది. ఈ గొట్టం మాత్రం లేదు. పుల్లారావుకు పోస్తే పరువు పోయే గొట్టం, హన్నమ్మకు పోస్తే పుణ్యమట! దాన్ని మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచాడు. చెంబు నింపుకుని ఎదురెళ్ళాడు.

"వద్దు బాబయ్యా, నీ కూడు పోద్ది," అంది హన్నమ్మ.

"పోతే పోనీయమ్మా. నువ్వు తాగు."

ఆమె రెండు చెంబులు తాగింది.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. ఆదివారం వారమిచ్చిన ఇల్లు తలుపే తియ్యలేదు. సోమవారం ఇంటాయన ఏదో నసిగి లోపలికి పోయాడు. నాలుగు రోజుల్లో శివరామయ్య తిన్నది గుప్పెడు వేయించిన శనగలు. బుధవారం సాయంత్రం వెంకటప్పయ్య గారు పిలిపించారు.

"కొత్త గొట్టం తెప్పించాను. దాంతో నీళ్ళు పొయ్యి, నీ వారాలు నేను నిలబెడతాను. లేదా రేపే పుట్టెక్కు."

శివరామయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ గొట్టం నాతోని గాదు పంతులుగారూ. పరీక్ష రాసేదాక ఊరు గూడ ఇడువ."

గురువారం వితంతువు బుల్లెమ్మ గారిల్లు. ఇక్కడా మొండిచెయ్యే అనుకుంటూ వెళ్ళాడు. ఆమె విస్తరి వేసింది.

"నీకు పెట్టొద్దని కరణం మనిషి చెప్పిపోయాడు. నా ఇంట్లో ఎవరికి పెట్టాలో నాకొకడు చెప్పేదేంది? కూచో."

అన్నం కలుపుతుంటే అతనికి కళ్ళనీళ్ళు ఆగలేదు. తిని లేచాక ఒక పెద్ద కుండ అడిగి పుచ్చుకున్నాడు. చలివేంద్రానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల దించాడు. పరీక్ష అయ్యేదాకా గురువారాలే భోజనం చేశాడు. తక్కిన రోజులు శనగలే. నీళ్ళు మాత్రం ఏడు రోజులూ పోశాడు, చెంబుతో.