అంచు కత్తిరించిన లాబీ కార్డులు

మొన్న శుక్రవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి, ఖతర్‌లో దోహా పక్కనున్న ముఐథర్‌లో ఆపరేటర్ భాయ్ ఇంటి తలుపు కొట్టిన. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్ననంటే, ఆయన ఆదివారం విమానమెక్కి హైదరాబాద్ పోతుండు, ఇక తిరిగి రాడు. నా చంకల ఉన్న లాబీ కార్డులు ఏ ఏ సినిమావో చెప్పగల మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే.

మన ఈడు వాళ్లకు లాబీ కార్డంటే చెప్పక్కర్లేదు, హాలు ముందర అద్దాల పెట్టెలో పెట్టే అట్ట బొమ్మలు. నావి ఇంగ్లీషోళ్ల పాత నవ్వుల సినిమాలవి. దుఖాన్‌లో చమురు కంపెనీ క్వార్టర్ల నడుమ ఒక చిన్న సినిమా హాలు ఉండె, వయసులో నేను అందులో ఊడ్చేటోన్ని, భాయ్ రీళ్లు తిప్పేటోడు. సినిమా మారిన రోజు పాత కార్డులు తీసి కొత్తవి పిన్నులతో గుచ్చుడు కూడా నా డ్యూటీనే. చదువు లేనోన్ని గనుక మొహాలు చూసి జత చేసేటోన్ని. ఒక వారం ఓడ కెప్టెన్ సినిమా కార్డుల నడుమ దవాఖాన సినిమా నర్సులను పెట్టిన, రెండిట్లో బట్టతలాయన ఒకడే గదా అని. ఓడ మీద నర్సులు ఏరీ అని జనం అడిగితే మేనేజరు నన్ను ఇంటికి పంపుతనన్నడు. తప్పు కట్ట ఇచ్చింది నేనేనని భాయ్ అబద్ధమాడి నా నౌకరి నిలబెట్టిండు.

హాలు మూసిననాడు ఆ కార్డులు చెత్తలో పడేస్తుంటే అడిగి తెచ్చుకున్న. ఒక్క మాట అర్థం కాకపోయినా వెనుక గోడకు ఆనుకొని కడుపు పట్టుకొని నవ్విన సినిమాలవి. తెచ్చుకున్న గాని, సూట్‌కేసులో పట్టకపోయేసరికి కత్తెర పట్టి కింది తెల్ల అంచు అన్నిటికీ కోసిపారేసిన. సినిమా పేరు ఉండేది ఆ అంచు మీదనే. బొమ్మ ఉంటే చాలు, రాత ఎవరికి కావాలె అనుకున్న. బుద్ధి తక్కువ పని, ఒప్పుకుంటున్న.

యాభై దాటినంక లేబర్ క్యాంపులో నా పక్క మంచం మేస్త్రి, తమ్ముడు వరస, పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు, ఆ తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్పిండు. వచ్చిన సంబురంలో మొదట తీసింది ఆ కార్డులనే, చదువుదామంటే ఒక్కదాని మీద అక్షరం లేదు. అప్పటినుంచి పాత సామాన్ల దుకాణాల్లో ఇట్లాంటి కార్డు ఎక్కడ కనబడ్డా కొంటనే ఉన్న, అంచు సక్కగుందా అని చూసి మరీ. కాని నేను నవ్వినవాటికి పేర్లు లేకుండ చేసుకున్నది నేనే గదా.

భాయ్ అద్దాలు పెట్టుకొని మొదటి కార్డు అంచు వేలితో తడిమిండు.

"ఏం మియా, దర్జీ పని ఎప్పుడు మొదలుపెట్టినవ్?"

ఆయన భార్య, మేమంతా ఆపా అంటం, వంటింట్లోంచే అందుకున్నది. "పేరు కోసేసి మొహం ఉంచుకున్నడా? నీ పాస్‌పోర్ట్ ఈయన చేతికియ్యకు."

నవ్విన గాని, డెబ్బై అయిదు దాటిన మనిషి, యాది ఉంటదో లేదో. భాయ్ ఒక్కో కార్డు చూసి కళ్లు మూసుకున్నడు. మిషన్ చప్పుడులో ఆయనకు సినిమాలో మాటలు వినబడకపోయేవంట, జనం నవ్వే వినబడేదంట. ఏ రీలులో ఎంతసేపు నవ్వేటోళ్లో ఆ నవ్వును పట్టుకొని పేరు బయటికి తీసిండు. ఆయన చెప్పుడు, నేను కార్డు వెనుక తెలుగులో రాసుడు. అన్నీ దొరికినయి, గొడుగు పట్టుకొని నడుం లోతు నీళ్లలో నిలబడ్డ ముసలాయన కార్డు ఒక్కటి తప్ప.

"నీకు తోచిన పేరు పెట్టుకో," అన్నడు భాయ్.

"కోసింది చాలు, దొంగ పేరు నేను రాయ," అని, దాని వెనుక 'పేరు దొరకాలె' అని రాసిన. వాళ్ల కోడలు దానికి ఫోటో తీసి, ఇట్లాంటివి దాచుకునేటోళ్లు ఫోన్లో గుంపులు కట్టి ఉంటరు, అడుగుత మామా అన్నది. దొరుకుతదనే నా నమ్మకం.

ఇప్పుడు మాల్‌లో హాలు ముందర బొమ్మలు తెర మీద కదులుతయి, వారం తిరిగితే మాయం. మంచిదే, అద్దాలు తుడిచే పని తప్పింది. కాని ముసలితనంలో చంకల పెట్టుకొని పోయి, ఇదేందో చెప్పు భాయ్ అని అడిగేందుకు ఈనాటోళ్లకు ఏం మిగులుతదో నాకు తెల్వదు.

ఆ పొద్దు ఆ గదిలో ఉన్నది పేర్లు చెప్పిన భాయ్, చాయ్ పోసిన ఆపా, ఫోటో తీసిన కోడలు, నన్ను కారులో తెచ్చి పక్కన కూర్చొని వత్తులు దిద్దిన మేస్త్రి, రాసిన నేను.