మడతలోకి పోయిన పేరు

నలభై ఏళ్లు గోడల మీద అక్షరాలు రాసి బతికినవాణ్ణి. బడి ముఖం చూడలేదు, బోర్డులు చూసే చదువు నేర్చుకున్నాను. గనిలో పైకప్పు కూలి చనిపోయిన తొమ్మిదిమంది పేర్లు ఏటా మా కాలనీ గోడకు నేనే రాసేవాణ్ణి. నిరుడు రోడ్డు వెడల్పు చేస్తామని ఆ గోడ కూల్చేశారు. ఫ్లెక్సీ కడితే చాలన్నారు! అరవై ఎనిమిదేళ్లకు కంప్యూటర్ నేర్చుకున్నవాణ్ణి, ఆ పని ఇంకొకడి చేతికిస్తానా? గోడకు రాసినట్టే కింది అంచుదాకా పేర్లు నింపి ఖమ్మం ప్రెస్సుకు ఫైలు పంపాను.

సంస్మరణ సభనాటి పొద్దున ఫ్లెక్సీ కట్టి చూస్తే ఎనిమిది పేర్లే ఉన్నాయి. ఆఖరిది, మల్లయ్య పేరు, కనిపించలేదు. ప్రెస్సువాడికి ఫోన్ చేసి తిట్టాను.

"అంచుకు నాలుగంగుళాలు ఖాళీ ఇడవాలె పెద్దాయనా. మడిచి అతికించి తాడు కట్టెతందుకు రింగులు కొడతం గద! గా మాత్రం ఎరుకలేదా?" అన్నాడు.

అంతలోనే మల్లయ్య భార్య లచ్చమ్మ ఏన్కూరు నుంచి పూలతో వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఆఖరి వరుస తన పెనిమిటిదని మాత్రం గుర్తు.

"గీ ఏడు శానా పెద్దగ రాసినవ్ అన్నా," అంటూ ఆఖరి పేరును కొంగుతో తుడిచి, నుదురు ఆనించి ఏడ్చింది.

అది వేరొకరి పేరు. ప్రెస్సువాణ్ణి తిట్టినవాణ్ణి, ఆమె తెచ్చిన పూలు అందుకుని ఆ పేరు కిందే కట్టాను. గోడ కూల్చినవాళ్ల మీద కోపం ఇంకా ఉంది, కానీ ఖాళీ వదలనిది నేనే. ఆమె చదవలేదు కాబట్టే ఈ సంగతి ఇక్కడ రాయగలుగుతున్నాను.