మూడో ప్రకటన

మా వైపు మామిడి తోటని కాయ చూసి కొనరు, పూత చూసి కొంటారు. చెట్టు నిండా పూత కనపడగానే వ్యాపారి వచ్చి, కాపెంత ఉంటుందో కళ్ళతోనే అంచనా కట్టి, రైతు చేతిలో బయానా పెట్టేస్తాడు. ఇక ఆ చెట్టున ఏం కాసినా వాడిదే. నూజివీడు చుట్టుపక్కల ఈ పనిలో మా పెదనాన్న ఆరితేరినవాడు. నన్నూ అలాగే బేరం పెట్టేశాడు, ఇంటర్ పాసై నెల తిరక్కముందే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. శత్రువుని క్షమించమని బైబిలు వాక్యం చెబుతుంది, నిజమే. నేనింకా అంతదాకా రాలేదు.

ఎనభైల్లో మా ఊళ్ళో విదేశం అనేది డబ్బున్నవాళ్ళ మాట. మా నాన్నకి ఉన్నది కాస్త తోట, రెండు గేదెలు. అయితే మా మిషన్ ఆసుపత్రిలో జర్మనీ నుంచి వచ్చిన ముసలి నర్సమ్మగారొకరు ఉండేవారు. వాళ్ళ దేశంలో చర్చి సంఘం వాళ్ళ ఆసుపత్రి ఏటా ఒకరిద్దరు ఆడపిల్లల్ని నర్సు ట్రైనింగుకి తీసుకునేది. ఇంటర్ పాసవ్వాలి, పెళ్ళి కాకూడదు, ట్రైనింగు పూర్తయ్యేదాకా చేసుకోకూడదు. గది, తిండి వాళ్ళే చూసుకుంటారు. విమానం టికెట్ కూడా వాళ్ళే కొని, నెలనెలా ఇచ్చే స్టైపెండులో కొంచెం కొంచెం పట్టుకుంటారు. మా నాన్న ఒక్క చెట్టు కూడా అమ్మక్కర్లేదు. మాలాంటి వాళ్ళు దేశం దాటడానికి అంతకంటే చవకైన దారి లేదు.

ఆ ఏడు సీటు నాకొచ్చింది. సాయంత్రాలు నర్సమ్మగారి దగ్గర జర్మన్ నేర్చుకుని, పొద్దున్నే గేదెలకి గుటెన్ మోర్గెన్ చెప్పి పాలు పితికేదాన్ని.

పెదనాన్న మా చర్చిలో సంఘపెద్ద. ఆయన ఆడింది ఆట, పాడింది పాట. విస్సన్నపేట దగ్గర పెద్ద తోట ఉన్న ఆసామి ఒకాయనకి ఒక్కడే కొడుకు. ఆ తోట ఏటా వేరే వ్యాపారి చేతికి పోతోందని పెదనాన్నకి ఒకటే బాధ. తమ్ముడి కూతుర్ని ఆ ఇంటికిస్తే ఇక బేరమే అక్కర్లేదు, కాపంతా తనకే. ఆయన సొంత కూతురు అప్పటికింకా తొమ్మిదో తరగతి, లేకపోతే దాన్నే ఇచ్చేవాడేమో.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు చదివి, "ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను" అంటారు. ఎవరూ ఏమీ తెలియజేయరు. ఆడవాళ్ళు చంకలో పిల్లల్ని సర్దుకుంటారు, మగవాళ్ళు తర్వాతి పాట నెంబరు వెతుక్కుంటారు. ఆ ఆదివారం నేనూ పాట నెంబరే వెతుక్కుంటున్నాను. పాస్టరు అయ్యగారు చదివిన పేరు నాది.

ఇంటికొచ్చాక నాన్నని నిలదీశాను.

"ఏంటి నాన్నా ఇది? నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"మీ పెదనాన్న చూసిన సంబంధం అమ్మా. అన్నయ్య మాట నేనెప్పుడు కాదన్నాను?"

నోట్లో నాలుక లేనివాడని మా నాన్నని ఊరంతా మెచ్చుకునేది. ఆ రోజు నాకు ఆ మెచ్చుకోలు మీద అసహ్యం వేసింది. తిన్నగా పెదనాన్న దగ్గరికే వెళ్ళాను. తోటలో గడ్డి పరిపించి, కూలీల చేత చిన్నరసాలు గంపలకి ఎత్తిస్తున్నాడు.

"పెదనాన్నా, నాకు జర్మనీలో సీటొచ్చింది. నాకిప్పుడు పెళ్ళొద్దు."

ఆయన నా మొహం కూడా చూడలేదు. కాయ తిప్పి చూసుకుంటూ, "ముసలాళ్ళ ముడ్లు కడగడానికి అంత దూరమెందుకే? ఇక్కడ ముసలాళ్ళు కరువయ్యారా?" అన్నాడు. కూలీలందరూ విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో నాకు అక్కడ తెలిసింది. పెళ్ళి సంగతి ఎలా ఉన్నా, ఆ నవ్వుకి బదులు తీర్చుకోకుండా చావకూడదనుకున్నాను.

రెండో ఆదివారం ప్రకటన కూడా అయింది. సోమవారం నర్సమ్మగారు కబురంపారు. ఆవిడది బైబిల్లోంచి నేర్చుకున్న తెలుగు.

"మూడవ ప్రకటన జరిగిన యెడల నిన్ను నేను పంపజాలను, కుమారీ. నీ స్థానము మరియొకతెకు ఇచ్చెదను. నీకు మనస్సు లేనిచో ఆ మాట నీవే చెప్పవలెను."

"ఎవరికి చెప్పనండీ? ఇంట్లో ఎవరూ వినట్లేదు."

"అడుగుచున్నవారికి చెప్పుము" అన్నారు.

దారి పొడవునా ఆలోచించాను. నన్ను అడుగుతున్నదెవరు? నాన్న అడగలేదు. పెదనాన్న అడగలేదు. ఊళ్ళో ఎవరూ అడగలేదు. వారానికోసారి చర్చిలో అయ్యగారు ఒక్కడే అడుగుతున్నాడు, అదీ అందరినీ.

మూడో ఆదివారం పెళ్ళివారు కూడా వచ్చారు. విస్సన్నపేట ఆసామి ఇస్త్రీ మడత నలగని తెల్లపంచెతో ముందు వరసలో, పెదనాన్న పక్కనే కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ పక్కన ఉన్నాను. అయ్యగారు పేర్లు చదివి, "ఎవరికైనను అభ్యంతరమున్న యెడల" అని ఆ వాక్యం ఎప్పటిలాగే గబగబా ముగించబోయాడు. నేను లేచాను. అమ్మ నా ఓణీ కొంగు పట్టుకుంది. లాగి కూర్చోబెడుతుందనుకున్నాను. లాగలేదు, పట్టుకుని ఊరుకుంది.

"నాకుందండీ అభ్యంతరం."

అయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎవరమ్మా?"

"పెళ్ళికూతుర్నండీ. ఈ పెళ్ళి నాకిష్టం లేదు. నన్నెవరూ అడగలేదండీ."

"కూర్చోవే!" అని పెదనాన్న అరిచాడు. చర్చి అని కూడా చూడలేదు.

అయ్యగారు ఒకసారి ఆయన వైపు, ఒకసారి చేతిలో పుస్తకం వైపు చూశాడు. పిరికివాడే పాపం, పెదనాన్న అంటే ఆయనకీ హడలు. అయినా, "అభ్యంతరం వచ్చాక ముందుకి వెళ్ళకూడదండీ పెద్దగారూ. పద్ధతి కాదు" అని పుస్తకం మూసేశాడు.

ఆసామి పంచె దులుపుకుని బయటికి నడిచాడు. పెదనాన్న చెప్పులైనా వేసుకోకుండా, "బావగారూ, బావగారూ" అంటూ ఎర్రటి ఎండలో ఆయన వెనకాల పరుగెత్తాడు. ఆ పరుగు కిటికీలోంచి కనపడినంత దూరం చూశాను. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. ఆ తర్వాతి పాట నేను పాడినంత గట్టిగా ఎవరూ పాడలేదు.

పెదనాన్న మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. మరుసటి ఏడు మా తోట పూత ఎవరూ కొనకుండా చూశాడు. నాన్న కాయలు తనే గంపలకెత్తుకుని హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకోవాల్సి వచ్చింది. అది కూడా నా లెక్కలో రాసుకున్నాను. నేనప్పటికే ఆ జంక్షన్‌లోనే బస్సెక్కి జర్మనీ వెళ్ళిపోయాను.

పెదనాన్న మాట ఒకందుకు నిజమే. మొదటి ఏడు జర్మనీలో నేను చేసింది ఎక్కువగా ఆ పనే. ప్రతిసారీ ఆయన్ని తలుచుకుని మరీ కడిగేదాన్ని. మా వార్డులో మంచాలు తళతళలాడుతుంటాయని హెడ్ సిస్టర్ మెచ్చుకునేది. నాది భక్తి అనుకుంది ఆవిడ.

ట్రైనింగు ముగించి అక్కడే ఉద్యోగంలో ఉండగా నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పెదనాన్న కూతురు ఇంటర్ పాసైందట. అక్కలా జర్మనీ వెళ్తానని తిండి మానేసి కూర్చుందట. నర్సమ్మగారు అప్పటికే వాళ్ళ దేశానికి వెళ్ళిపోయారు, ఇక దారి నేనొక్కదాన్నే. "పెదనాన్న నిన్ను అడగమన్నాడమ్మా" అని రాశాడు నాన్న.

చెల్లెలి మీద నాకేం కోపం? చిన్నప్పుడు నా జడ వదిలేది కాదు. కానీ నాది పాము పగ. "నన్ను అడగాలంటే ఇంట్లో కాదు, చర్చిలో అడగమను. ఆదివారం అందరూ ఉండగా లేచి నిలబడి అడగమను. అప్పుడు చూస్తాను" అని జవాబు రాశాను. నోట్లో నాలుక లేని మా నాన్న ఆ ముక్క అన్నగారికి గొంతెత్తి చదివి వినిపించాడట.

పెదనాన్న ఆ మామిడి సీజనంతా బిగుసుకుని కూర్చున్నాడు. కాయలైపోయి వానలు పట్టాక, ఒక ఆదివారం ప్రార్థన మనవులు అడిగే వేళ లేచాడు. "మా అమ్మాయి జర్మనీ వెళ్తానంటోందండీ. మా తమ్ముడి కూతురు సాయం చెయ్యాలని అడుగుతున్నానండీ" అన్నాడట, తన కాళ్ళకేసి చూసుకుంటూ. ఆడవాళ్ళ వైపు నుంచి, "వినపడలేదు బావగారూ" అని ఎవరో అన్నారు. ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆ అన్నది మా అమ్మ.

సీటు అడుగుతూ నాన్న రాసిన ఆ ఉత్తరం అందిన వారంలోనే నేను హెడ్ సిస్టర్‌తో మాట్లాడి చెల్లెలికి సీటు ఖాయం చేయించాను. ఆ సంగతి, ఆయన లేచి నిలబడ్డాడని తెలిసేదాకా ఎవరికీ చెప్పలేదు.